మంగు మచ్చలకు ఆమ్లపు పూత

కెమికల్ పీల్‌లో ముఖానికి ఆమ్లం పూసి, చర్మం పై పొర కొలతగా ఊడేలా చేస్తారు. కింది నుంచి కొత్త పొర వస్తుంది. మంగుకు, మొటిమలు మానాక మిగిలే మచ్చలకు ఇది పనికొస్తుంది. ఎక్కువగా వాడే గ్లైకాలిక్ ఆమ్లం చెరకులోనూ ఉంటుంది. చెరకుతో పెరిగిన బోధన్ వైపు ఆ మాట వింటే భయం పోవచ్చు. కానీ చెరకులో ఉండేది లేశమే; పీల్ సీసాలో 20 నుంచి 70 శాతం దాకా ఉంటుంది.

ఆమ్లం ఎంత లోతుకు దిగిందన్నదే అసలు సంగతి. పీల్‌కు వాడే ఫినాల్ లోపలి పొర దాకా పోతుంది, రక్తంలో కలిసి గుండె లయను చెడగొట్టగలదు. చామనఛాయ, నలుపు ముఖాలకు అది తగదు. ఈ చర్మం ఎండకు కొంత ఓర్చుకుంటుంది గానీ, కాలితే రంగు కణాలు రెచ్చిపోయి, పాత మంగు కంటే నల్లని మచ్చ నెలల తరబడి మిగలవచ్చు. అందుకే మనవాళ్లకు తక్కువ గాఢతతో పైపై పీల్‌ను రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో పలుమార్లు చేయడమే మేలు.

డాక్టరు ముందుగా ముఖం మీది జిడ్డు తుడిచి, కంటి మూలలకు, పెదవులకు, ముక్కు పక్కలకు వ్యాజిలైన్ రాస్తారు. గ్లైకాలిక్ పూశాక గడియారం మీదే కన్ను. మొదటిసారి ఒకటి రెండు నిమిషాలు చాలు. చర్మం ఎర్రబడగానే తినే సోడా కలిపిన నీళ్లతో ఆమ్లాన్ని విరిచేస్తారు. ఎక్కడైనా తెల్లబడితే ఆ చోట వెంటనే విరవాలి, లోతుకు దిగుతోందని దాని అర్థం. పీల్‌కు వాడే శాలిసిలిక్ ఆమ్లం తీరు వేరు: ఆరాక తెల్లని పొడిలా పేరుకుంటుంది, దానికి సోడా అక్కరలేదు.

ఇంట్లో ఈ పని చేయకూడదు. ఆన్‌లైన్‌లో దొరికే గాఢమైన సీసాలను సొంతంగా వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 జులైలో హెచ్చరించింది. తెల్లబడాలని మందుల షాపులో కొన్న స్టెరాయిడ్ క్రీము నెలల తరబడి రాసుకున్న ముఖం పలచబడి ఉంటుంది. ఆ సంగతి డాక్టరు దగ్గర దాచడం అన్నిటికంటే ప్రమాదం. పెదవుల మీద జ్వరపు పొక్కులు వస్తుంటే, గర్భంతో ఉంటే, ఆస్పిరిన్ పడకపోతే ముందే చెప్పాలి.

తర్వాత మూడు నుంచి ఏడు రోజులు పొట్టు లేస్తుంది, గిల్లకూడదు. పొక్కులు లేచినా, రసి కారినా అదే రోజు డాక్టరును కలవాలి. సన్‌స్క్రీన్, తలకు కొంగు రెండూ కావాలి. సిరికొండ లాంటి పల్లెలో పొద్దంతా పొలంలో ఉండే మనిషి పీల్‌ను ఎండాకాలంలో పెట్టుకోకుండా, పని తగ్గిన చలికాలపు రోజులకు వాయిదా వేసుకోవడం మంచిది.