వార్తల్లో పదం: టీ239

నింటెండో గేమ్ కన్సోల్ స్విచ్ 2 బయటికి రాకముందే దాని లోపలి చిప్ పేరు లోకానికి తెలిసిపోయింది. 2022లో ఆ చిప్ తయారుచేసిన ఎన్విడియా మీద హ్యాకర్లు దాడి చేసి ఎత్తుకెళ్లిన ఫైళ్లలో ‘టీ239’ కనిపించింది. అదే ఏడాది లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ కోసం ఆ కంపెనీ పంపిన కోడ్‌లోనూ ఆ పేరే ఉంది. దొంగ ఫైళ్ల కన్నా, అందరికీ తెరిచి ఉన్న కోడ్‌లో ఒక్క వరుసను పట్టుకుని కట్టిన ఊహే నాకు గొప్పగా తోస్తుంది.

ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే ముక్కలో ఇమిడిన చిప్ ఇది. దాని శక్తి ఎంతన్నది తేల్చడంలో అసలు చిక్కు బ్యాటరీ. టీవీకి తగిలిస్తే కరెంటుకు కొదవ లేదు, చేతిలో పట్టుకుంటే పొదుపు తప్పదు. అందుకే అందరి ఆశా డీఎల్ఎస్ఎస్ మీదే. బొమ్మను తక్కువ పిక్సెళ్లతో గీసి, కృత్రిమ మేధతో పెద్దది చేసే పద్ధతి అది. చిప్‌కు శ్రమ తగ్గుతుంది.

2025 ఏప్రిల్‌లో ఎన్విడియా స్విచ్ 2లో డీఎల్ఎస్ఎస్ ఉందని చెప్పింది. జూన్ 5న కన్సోల్ అమ్మకానికొచ్చింది. 1,536 గ్రాఫిక్స్ కోర్లన్న పాత అంచనా నిజమైంది. వాటి వేగం టీవీ దగ్గర 1,007 మెగాహెర్ట్జ్, చేతిలో 561.