గ్యాస్ అని తేల్చే ముందు

నారాయణఖేడ్ పల్లెల్లో పాతికేళ్ల కుర్రాడు "ఛాతిల పట్టేసినట్టుంది, చక్కరొస్తుంది" అంటే ఇంట్లో మొదట వినిపించే మాట గ్యాస్. సోడా తాగిస్తారు. తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కిస్తారు. చాలాసార్లు సాయంత్రానికి కుదుటపడతాడు కూడా, ఎందుకంటే ఆ వయసులో దీనికి గుండె జబ్బు కారణం కావడం తక్కువే. అయితే ఆ తక్కువమందిలో తను ఉన్నాడో లేడో సోడా చెప్పదు. ముందు ఈసీజీ తీయించాలి.

ఎక్కువగా కనిపించే కారణాల్లో ఆందోళన ఒకటి. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు, అప్పు కిస్తీ దగ్గరపడిన వాళ్లకు తెలియకుండానే ఊపిరి వేగం పెరుగుతుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి మెదడులోని రక్తనాళాలు సన్నబడతాయి. తల తిరుగుతుంది, పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి పడుతుంది. ఇది నటన కాదు. "టెన్షన్ పడకు" అంటే పోయేదీ కాదు.

ఆడపిల్లల్లో రక్తహీనతను మర్చిపోకూడదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి అది ఉంది. హిమోగ్లోబిన్ తగ్గితే ఆ లోటు పూడ్చడానికి గుండె పరుగెత్తుతుంది. చిన్నప్పటి కీళ్లవాపు జ్వరంతో గుండె కవాటం దెబ్బతిని, గర్భం వచ్చాకే బయటపడే జబ్బూ ఉంది. అందుకే గర్భిణి ఆయాసాన్ని మామూలేనని వదిలేయకూడదు.

పత్తి చేలో మందు కొట్టి వచ్చినవారి సంగతి వేరు. కొన్ని పురుగుమందులు చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతాయి. ఛాతీ బిగుతుతో పాటు చెమటలు, వాంతి, నోట్లో నీళ్లూరడం, కంటిపాప చిన్నదవడం కనిపిస్తే వెంటనే తడిసిన బట్టలు విప్పి, ఒళ్లు సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏ విరుగుడు ఇవ్వాలో డాక్టరుకు ఆ లేబులే చెబుతుంది. కల్తీ కల్లు ఒక్కసారిగా మానేసినా దడ, వణుకు వస్తాయి. సిగ్గుపడి దాచొద్దు.

నిజంగా భయపడాల్సినవి కొన్ని ఉన్నాయి. కబడ్డీ ఆడుతూనో, బరాత్‌లో ఎగురుతూనో స్పృహ తప్పడం. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉండటం. వైరల్ జ్వరం తగ్గిన వెంటనే ఛాతీనొప్పి రావడం. సన్నగా, పొడుగ్గా ఉండే కుర్రాడికి ఒకవైపే పొడిచినట్టయి ఊపిరాడకపోతే ఊపిరితిత్తికి చిల్లుపడి ఉండొచ్చు. చిన్న వయసే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు: 2023 జనవరి 27న కుప్పం పాదయాత్రలో కుప్పకూలి, ఫిబ్రవరి 18న బెంగళూరులో కన్నుమూసిన నటుడు తారకరత్న వయసు 39 ఏళ్లే.

ఇలాంటప్పుడు 108కి ఫోన్ చేయండి. నేరుగా హైదరాబాద్‌కు కారు కట్టించుకోవడం కన్నా ముందు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో ఈసీజీ తీయించుకోవడం మేలు. ఐదారు నిమిషాల పని. అది బాగానే వచ్చినా దడ మళ్లీ వస్తే, ఆ దడ ఉండగానే ఇంకోసారి తీయించాలి. దడ లేనప్పుడు తీస్తే ఏమీ దొరకకపోవచ్చు. నొప్పి వచ్చినప్పుడు ఏం చేస్తున్నారో, ఎంతసేపు ఉందో డాక్టరుకు చెప్పండి. ఈసీజీ కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. కొన్నాళ్లకు దాని మీది గీతలు వెలిసిపోతాయి, తర్వాత చూసే డాక్టరుకు పోల్చుకోవడానికి అవే కావాలి.