ఇల్లే బడి.. తగ్గాలి ఒత్తిడి

బడి గంట మోగదు. యూనిఫాం ఇస్త్రీ చేసే పని లేదు. వ్యాను కోసం వీధి చివర నిలబడక్కర్లేదు. అయినా పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకునే అమ్మకు తీరిక చిక్కదు. పొయ్యి మీద పప్పు, చేతిలో పుస్తకం, ఫోన్లో ఆఫీసు పిలుపు.. మూడూ ఒకేసారి! సాయంత్రానికి పాఠం సగం, పని సగం మిగిలిపోతాయి. పైగా ‘పిల్లాణ్ణి బడికి పంపకుండా ఇంట్లో కూర్చోబెట్టారేంటి?’ అని చుట్టాల ఆరా ఒకటి.

బెంగళూరు, చెన్నై, పుణె లాంటి నగరాల్లో ఇంటినే బడి చేసుకున్న కుటుంబాలున్నాయి. సరిహద్దు జిల్లాల తెలుగువారిది ఇంకో రకం ఇంటి బడి. పిల్లలు పగలంతా బడికి వెళ్లొచ్చినా తెలుగు అక్షరాలు మాత్రం చాలాచోట్ల ఇంట్లోనే దిద్దించుకోవాలి. తమిళనాడులో 2006లో చేసిన చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఏటా ఒక్కో తరగతి పెరుగుతూ 2015-16కు పదో తరగతి దాకా చేరింది. దీంతో హోసూరు వైపు ఇళ్లలో తెలుగు రాత నిలిపే భారం అమ్మానాన్నల మీద ఇంకాస్త పెరిగింది.

పూర్తిగా ఇంటి చదువైనా, సాయంత్రం పూట తెలుగు పాఠమైనా.. అమ్మ అలసిపోతే ముందు ఆగిపోయేది పిల్లల చదువే. అందుకే పాఠాల పట్టిక కన్నా ముందు ఇంటి పనుల తీరు సర్దుకోవాలి.

బడిని దింపొద్దు

ఎక్కువమంది చేసే పని ఎనిమిది పీరియడ్ల టైంటేబుల్‌ను ఉన్నదున్నట్టు ఇంట్లో దింపేయడం. తరగతిలో నలభై మంది ఉంటారు. హాజరు, బోర్డు మీద రాత, నోట్సులు దిద్దడం.. వీటికే బోలెడు సమయం పోతుంది. ఇంట్లో ఉండేది ఒకరో ఇద్దరో. చిన్న తరగతుల పిల్లలు రెండు మూడు గంటలు శ్రద్ధగా కూర్చుంటే చాలావరకు సరిపోతుంది.

భాష, లెక్కలు రోజూ ఉండాలి. సైన్సు సోమ, బుధవారాలు.. సోషల్ మంగళ, గురువారాలు పెట్టుకోవచ్చు. శుక్రవారం మిగిలిపోయిన పాఠాలకు వదిలేస్తే, ఒకరోజు జ్వరమొచ్చినా చుట్టాలొచ్చినా కంగారుండదు. ఇద్దరు పిల్లలుంటే కథలు, సోషల్ కలిపి చెప్పి లెక్కలు మాత్రం విడివిడిగా చెప్పాలి. చిన్నది ఆడుకునే వేళ పెద్దవాడి లెక్కలకు అనువు.

వంటింట్లో నిష్పత్తి

గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. చుట్టాలొచ్చారని మూడు గ్లాసుల పప్పు నానబోస్తే రవ్వ ఎంత పడుతుంది? నిష్పత్తి పాఠం అయిపోయినట్టే. రోజుకు అర లీటరు పాల ప్యాకెట్లు మూడు చొప్పున తీసుకుంటే 30 రోజులకు 45 లీటర్లని పిల్లాడే లెక్క తేల్చాలి. కరెంటు మీటర్లో ఈ నెల అంకెలోంచి పోయిన నెల అంకె తీసేస్తే తీసివేత వచ్చేస్తుంది. పాలు తోడేయడం, పెసలు మొలకెత్తించడం సైన్సు పాఠాలే. అలాగని చీపురు పట్టినప్పుడల్లా ప్రశ్నలడిగితే పిల్లలు విసుక్కుంటారు. రోజుకు ఒకటి చాలు.

తెలుగుకు పావుగంట

వారానికోసారి రెండు గంటలు కూర్చోబెట్టడం కన్నా రోజూ పావుగంట మేలు. పిల్లలకు ముందే వచ్చిన లిపిని ఆసరా చేసుకుంటే పని ఇంకా తేలిక. కన్నడ, తెలుగు లిపులు ఒకే పాత లిపి నుంచి పుట్టినవి. గ, న, ర, ల లాంటివి రెండింటిలో దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా ఉన్న అక్షరాలనే విడిగా నేర్పితే సరి.

తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకే హోసూరు, కృష్ణగిరి పిల్లలు తడబడేది అక్కడే. ‘కాలి’, ‘గాలి’ లాంటి జంటలు పలికించి రాయించాలి. ఒడియా, మరాఠీ చదివే పిల్లలకు క ఖ గ ఘ వరస కొత్త కాదు. కానీ వాళ్ల లిపుల్లో ఎ-ఏ, ఒ-ఓలకు వేర్వేరు గుర్తులుండవు. ‘చెట్టు-చేను’, ‘కొడుకు-కోడి’ దగ్గర కాస్త ఆగాలి.

అమ్మ ఒక్కతే కాదు

పాఠం అమ్మ చెబితే మిగతా పని ఇంకొకరు అందుకోవాలి. కూరగాయలు రాత్రే తరిగిపెట్టడం నాన్న వంతు. బట్టలు మడతపెట్టడం పిల్లల వంతు. తాతయ్య, నాయనమ్మ ఉన్న ఇంట్లో కథల గంట వాళ్లది. పక్కవీధిలో మరో తెలుగు కుటుంబం ఉంటే మంగళవారం వాళ్లింట్లో, గురువారం వీళ్లింట్లో పిల్లలను కలిపి కూర్చోబెట్టొచ్చు. రెండిళ్ల అమ్మలకూ చెరో పూట మిగులుతుంది. ఆ పూట మళ్లీ అంట్ల గిన్నెలకు పోకూడదు సుమా!

పరీక్షల మాటేంటి?

బడి మాన్పించే ముందు చట్టం సంగతీ తెలుసుకోవాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటోంది. బడికి వెళ్లకుండా చదివిన పిల్లలు పదో తరగతిని జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా రాయొచ్చు. ఎన్‌ఐఓఎస్ అంటే అందరికీ తెలుస్తుంది. కనీసం 14 ఏళ్లు నిండాలి. భాషతో కలిపి ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. తెలుగునూ భాషగా ఎంచుకోవచ్చు. ఏటా రెండు విడతల పరీక్షలుంటాయి. ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలిస్తారు. అన్నీ ఒకేసారి రాయాలన్న హడావిడి లేదు.

చివరగా ఓ చిన్న అలవాటు. రాత్రి పడుకునే ముందు ఆ రోజు ఏం నేర్చుకున్నదీ పిల్లలే తేదీ వేసి, మూడు వాక్యాలు తెలుగులో రాయాలి. అమ్మకు వేరే రికార్డు రాసే పని తప్పుతుంది. ఏడాది తిరిగేసరికి తప్పులు ఎంత తగ్గాయో ఆ నోటుపుస్తకమే చూపిస్తుంది.