మీకు తెలుసా? టైరు పక్కగోడ మీదే దాని జాతకం ఉంటుంది

టైరు పక్కగోడ మీద 205/55 ఆర్16 91వి అని ఉందనుకోండి. వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోల దాకా మోస్తుంది. చివరి అక్షరం గరిష్ఠ వేగానిది: గంటకు హెచ్ 210, వి 240, డబ్ల్యు 270 కిలోమీటర్లు.

మన రోడ్ల మీద ఎవరూ 240లో వెళ్లరు. మరి అంత వేగాన్ని తట్టుకునే పెర్ఫార్మెన్స్ టైరు ఎందుకు? మెత్తటి రబ్బరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, మలుపుల్లో స్టీరింగు మాట వింటుంది. అందుకు మూల్యం, సాధారణంగా త్వరగా అరిగిపోవడం.

అందం కోసం 225/45 ఆర్17కి మారితే పక్కగోడ 113 నుంచి 101 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. గుంతలో పడ్డప్పుడు దెబ్బను ఓర్చుకునేది ఆ గోడే. రోజూ గుంతల దారిలో ఆఫీసుకు వెళ్లేవారికి నేనైతే కంపెనీ ఇచ్చిన సైజే ఉంచుకోమంటాను. అదే సైజులో తడి రోడ్డు మీద బాగా ఆగే టైరు వెతకండి. వానాకాలంలో బ్రేకు వేసినప్పుడు ప్రాణం కాపాడేది అదే.

షికాగో లాంటి చలి ఊళ్లలో ఉన్న మనవాళ్లకు ఇంకో మాట: సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కింద వేసవి రకం పెర్ఫార్మెన్స్ టైరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. అవి వాడేవారికి అక్కడ చలికాలానికి వేరే టైర్లు తప్పవు.

కొనేముందు పక్కగోడ మీదే ఉండే డాట్ (DOT) కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరితే టైరు మార్చాల్సిందే.