పిన్ని ఫోన్లో ఊరి జబ్బులు

మా పిన్ని చర్ల మండలంలో ఆశా కార్యకర్త. సెలవులకి వెళ్తే, తమ్ముడు ఆమె ఫోన్లో గేమ్ ఆడుతున్నాడు. గ్యాలరీ తెరిచా. టీబీ రిజిస్టర్ ఫొటో! పేరు, ఫోన్ నంబరు, పోషణ్ యోజన డబ్బులు పడే బ్యాంకు ఖాతా, అన్నీ. అందులో ఒకామెకి పెళ్లి సంబంధాలు చూస్తున్నారు.

"వాట్సాప్‌లో పంపితే ఎవరికీ కనపడదంట కదరా?" అంది పిన్ని.

ఎన్‌క్రిప్షన్ వల్ల దారిలో కనపడదు, నిజమే. చేరాక మాత్రం గ్రూపులో అందరి గ్యాలరీల్లోనూ మామూలు ఫొటోలా ఉండిపోతుంది. సెట్టింగ్స్‌లో చాట్స్‌కి వెళ్లి మీడియా విజిబిలిటీ ఆపేశాం. అది కొత్తగా వచ్చేవాటికే పనిచేస్తుంది. పాతవి మనమే డిలీట్ చేయాలి, ట్రాష్‌లోంచి కూడా. ఫోన్‌కి పిన్ పెట్టాం (తమ్ముడు అలిగాడు).

ఇకమీదట గ్రూపులో పేరు బదులు నిక్షయ్ ఐడీ నంబరు ఒక్కటే పెడతానంది పిన్ని.