నమ్దాకు ఉన్ని కరువు, దక్కనీ ఉన్నికి గిరాకీ కరువు

ఉన్ని అనగానే మన వర్తకులకు తట్టేవి కంబళ్లు, తివాచీలు, స్వెట్టర్ల నూలు. వడకకుండా, నేయకుండా తయారయ్యే ఉన్ని సరకు మరొకటున్నది. అదే ఫెల్టు. కాశ్మీరులోను, రాజస్థాన్‌లోని టోంకులోను దీనిని నమ్దా అంటారు.

ఏకిన ఉన్నిని చాపమీద పొరలుగా పరచి, సబ్బునీళ్లు చల్లి, చాపతో సహా చుట్టి, కాళ్లతో తొక్కుతూ దొర్లిస్తారు. ఉన్నిపోగుపై సన్నని పొలుసులుంటాయి. తడి, రాపిడి తగిలితే అవి ఒకదానికొకటి చిక్కుకొని బిగుస్తాయి. మళ్లీ విడదీయడం ఎవరి తరమూ కాదు. పత్తికి, జనుముకు, పట్టుకు ఈ పొలుసులు లేవు. ఉన్నిలో కలిపితేనే అవి చిక్కుకొంటాయి. నమ్దాలో పత్తి కల్తీకి ఆస్కారం ఇక్కడే. పత్తి పాలు పెరిగినకొద్దీ ధర తగ్గుతుంది, మన్నికా తగ్గుతుంది. కొనేవారు శాతమెంతో బిల్లులో రాయించుకోవడం మేలు.

ఇంకో లెక్క. ఉన్నిని తూకంపై కొంటారు, ఫెల్టును కొలతపై అమ్ముతారు. మీటరు పొడవు, మీటరు వెడల్పు పరచిన ఉన్ని రెండువైపులా 30 శాతం కుంచించుకుంటే మిగిలేది 49 శాతమే. ధర కట్టేటప్పుడు ఇది మరచినవారికి నష్టం తప్పదు.

ఇది వట్టి పరుపుల సరకు కాదు. సైబీరియాలోని పజిరిక్ సమాధులలో మంచు కాపాడిన ఫెల్టు తెర రెండువేల ఏళ్లకు పైబడినది. సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నది. కిర్గిజ్ ఫెల్టు తివాచీల కళను యునెస్కో 2012లో తక్షణ రక్షణ అవసరమైన జాబితాలో చేర్చింది. జర్మన్ శిల్పి జోసెఫ్ బాయిస్ 1970లో ఫెల్టు సూటునే శిల్పంగా చేసి, వంద ప్రతులు తీయించాడు. సూటు తొడుక్కోవడానికి కాదు సుమా!

కాశ్మీరు నమ్దా ఎగుమతులు 1998-2008 మధ్య దాదాపు పూర్తిగా పడిపోయాయి. ముడిసరకు దొరకకపోవడం, పనివారు తగ్గడం కారణాలుగా కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. 2021లో శిక్షణ పథకం మొదలుపెట్టగా, 2023లో బ్రిటన్‌కు సరకు కదిలింది.

ఇక మన సంగతి. తెలంగాణలో, అనంతపురం వైపున కురుమలు, కురుబలు పెంచే దక్కనీ గొర్రెల నల్ల ఉన్ని ఒకప్పుడు గొంగళ్లకు సరిపోయేది కాదు. గొంగళి వాడకం తగ్గింది. మాంసానికి గిరాకీ పెరిగి, ఉన్నిలేని నెల్లూరు జాతి మందల్లోకి వచ్చింది. కత్తిరింపు కూలి కూడా రాక చాలామంది కాపర్లు ఉన్నిని పారేస్తున్నారు. అక్కడ ఉన్ని లేదు, ఇక్కడ ఉన్న ఉన్నికి బేరం లేదు!

అయితే ఒకటి. దక్కనీ ఉన్ని ముతక, వెంట్రుక పాలు హెచ్చు. ఒంటరిగా సరిగా బిగియదు. సన్న ఉన్ని కలపాలి. రంగు వేయనక్కరలేని నలుపు మాత్రం దానికి కలిసివచ్చే గుణం. ఆసక్తిగలవారు నలుపు, బూడిద రంగులు విడిగా ఏరి, పల్లేరు ముళ్లు తీసి, కడిగిన ఉన్నిని ఒక చిన్న మూట నమూనాగా టోంకు పంపి చూడవచ్చు. లారీ కిరాయి మాత్రం మనదే అవుతుంది.