పిండివంటల పేరులు – వాని క్రియాపదములు

తెలుఁగునాటఁ బండుగ వచ్చినను, బిడ్డ పుట్టినను, కూఁతురు అత్తవారింటికిఁ బోవుచున్నను ముందుగా మేలుకొనునది వంటయిల్లు. ఆ యింటఁ బుట్టిన మాటలలోఁ బెక్కులు నిఘంటువుల కెక్కినవి. అవి యెక్కిన తీరు మాత్రము విచారింపఁదగియున్నది. అరిసె యన నేమని వెదకువానికిఁ దఱచుగా “భక్ష్యవిశేషము” అను నర్థము దొరకును. బూరె యన్నను, కజ్జికాయ యన్నను ఇంచుమించుగా నదియే సమాధానము. అరిసెను దినినవానికి ఆ యర్థ మక్కఱలేదు. దిననివానికి ఆ యర్థము చాలదు. ఇట్టి వివరణము తెలిసినవారున్నంతకాలమే నిలుచును. తెలిసినవారు పోయినపిదపఁ బదము మిగులును, పదార్థము పోవును.

ఇది వట్టి శంక కాదు. సంస్కృతమున శష్కులీశబ్దమునకు జరిగినది చూచినఁ దెలియును. పాణిని 4.2.47 సూత్రముచే సమూహార్థమున వచ్చు ప్రత్యయమునకు వ్యాఖ్యాతలు ఆపూపికము, శాష్కులికము అను రూపముల నుదాహరింతురు; అపూపముల రాశి మొదటిది, శష్కులుల రాశి రెండవది. ప్రత్యయము స్పష్టము, స్వరము స్పష్టము. ఆ వంటకపుఁ బిండి యెట్టిదో, దానిని జుట్టిరో యొత్తిరో ఆ యుదాహరణమువలనఁ దెలియదు. చెవిగూటిని కర్ణశష్కులి యని శాస్త్రకారులు వ్యవహరించుటచే, అది వంపులు తిరిగిన వంటకమని యూహింపఁబడుచున్నది. ఒక వంటకము రూపమును దెలిసికొనుటకు మనుష్యుని చెవిని జూడవలసివచ్చినది! తెలుఁగు చక్కిలము శష్కులికి వికృతియని పండితులు చెప్పుదురు. అట్లయినచో వైయాకరణులు చెప్పక విడిచినదానిని మన యిండ్లలోని ముదుసళ్ల చేతులు కాపాడినవి.

అపూపశబ్దము ఋగ్వేదమునందే కలదు. అమరసింహుఁడు పూపము, అపూపము, పిష్టకము అను మూఁటిని పర్యాయములుగాఁ జెప్పెను. పాణినీయమున నీ శబ్దముచుట్టు నల్లుకొనిన రూపము లనేకములు. అపూపములు పణ్యముగాఁ గలవాఁడు ఆపూపికుఁడు (4.4.51), వానిని దినుట శీలముగాఁ గలవాఁడును ఆపూపికుఁడే (4.4.61). గుడాపూపములు ప్రాయికముగా నన్నమైన పౌర్ణమాసి గుడాపూపిక (5.2.82). భ్రాష్ట్రమున, అనఁగా వేఁపుడు మంగలమున, సంస్కరింపఁబడిన భక్ష్యములు భ్రాష్ట్రములు (4.2.16). అమ్మువాఁడు, తినువాఁడు, తిను దినము, వండు పాత్రము – అన్నిటికిని బేరులు గలవు. చేయు చేతి పనికి మాత్రము వేఱుగాఁ బేరు లంతగాఁ గానరావు. పచతి, కరోతి యనువానితోనే వ్యవహారము తఱచు. ఇచ్చటనే తెలుఁగుయొక్క విశేషము తెలియును.

పచధాత్వర్థము ఏకమైన పని కాదని పతంజలి చెప్పియున్నాఁడు. పొయ్యిమీఁదఁ బాత్ర నుంచుట, నీరు పోయుట, బియ్యము వేయుట, కట్టెలు సవరించుట మొదలగునవి యన్నియుఁ జేరి పాకము. క్రమముగాఁ బుట్టు నీ యవయవములను బుద్ధి యొకటిగాఁ గూర్చి క్రియ యని వ్యవహరించునని భర్తృహరి మతము. మఱియు భర్తృహరి కర్మమును నిర్వర్త్యము, వికార్యము, ప్రాప్యము అని మూఁడుగా విభజించెను. లేనిది పుట్టినచో నిర్వర్త్యము. ఉన్నది మాఱినచో వికార్యము. బియ్యము వండుచున్నాఁడనినచో బియ్యము వికార్యము. అన్నము వండుచున్నాఁడనినచో నన్నము నిర్వర్త్యము. పచధాతువు ద్వ్యర్థకమనియు, బియ్యమును మెత్తపఱచుట, అన్నమును బుట్టించుట రెండును దాని యర్థమేననియు భాష్యమునఁ గలదు.

ఈ విభాగమును మనస్సున నుంచుకొని పిండివంటల క్రియలను బరిశీలింపవలయును. తెలుఁగిండ్లలో అట్టు పోయుదురు, సున్నియుండలు చుట్టుదురు, లడ్డులు కట్టుదురు, జంతికలు ఒత్తుదురు, చక్రములు త్రిప్పుదురు, చిమ్మిలి దంచుదురు, బూరెలు వేయుదురు, వడియములు పెట్టుదురు, పూఁతరేకులు తీయుదురు, పాకము పట్టుదురు, పిండి కొట్టుదురు, వెన్న తీయుదురు, నేయి కాఁతురు. ఇన్నిటను గర్మము నిర్వర్త్యమే. పోయఁబడునది పిండి, ఐనను “అట్టు పోయు” అని ఫలమునే కర్మముగాఁ జెప్పుదురు. చుట్టఁబడునది నేయి గలసిన మినుపపిండి. ఐనను “ఉండ చుట్టు” అందురు. అనఁగా నామము ఫలమును జెప్పును. క్రియ ఆ ఫలమును నిశ్చయించు హస్తవ్యాపారమును జెప్పును. అంతియ కాదు, ఆ వ్యాపారమునుబట్టి మూలద్రవ్యపు స్థితియుఁ దెలియును. పోయు ననినచో నది జారు పిండి. ఒత్తు ననినచో ముద్దగాఁ గలిపినది. చుట్టు ననినచోఁ బొడిగా నుండి నేతిచేతఁ గూడినది. దంచు ననినచో నిప్పు సోఁకక రోటఁ బుట్టినది. తీయు ననినచో నొకదానిపైఁ బొరగా నేర్పడి యూడివచ్చినది. రెండు మాటలలోఁ బాకశాస్త్రపు వాక్యమంతయు నిమిడియున్నది.

ఈ నియమము యాదృచ్ఛికము కాదనుటకు మార్చి చూచుటయే పరీక్ష. “సున్నియుండలు పోసిరి” యన్నచో నెవ్వరికిని దోఁపదు. “అట్టు చుట్టిరి” యన్నచో అర్థము గలుగును గాని కర్మస్వభావము మాఱును. అప్పటికే సిద్ధమైన యట్టును జుట్టిరని తోఁచును, అనఁగా నట్టు వికార్యమగును. “అట్టు పోసిరి” యన్నచో నట్టు నిర్వర్త్యము. క్రియ మాఱినంతనే కర్మభేదము గలుగుటకు ఇంతకంటె సులభమైన యుదాహరణము పాఠశాలలోఁ జెప్పుట కష్టము.

అన్నిటికిని “చేయు” ధాతువు చాలదా యని యడుగవచ్చును. చాలును, బొబ్బట్లు చేసిరి, కాజాలు చేసిరి యనుట సాధువే. సంస్కృతమునఁ గృఞ్ ధాతువు క్రియాసామాన్యవాచకమైనట్లే తెలుఁగునఁ జేయు ధాతువును. “వండు” అనునదియు నిట్లే విశాలము. అరిసెలు, గారెలు, బూరెలు అన్నిటికిని జెల్లును, పిండివంట యను పేరే దానివలన వచ్చినది. సామాన్యము తప్పు కాదు. అది విశేషమును జెప్పదు, అంతియ. విశేషము తెలిసినవాఁడు సామాన్యమును వాడుట సంక్షేపము; విశేషము తెలియక వాడుట దారిద్ర్యము.

క్రియల తరువాత విచారింపఁదగినది పాకము. కావ్యములయందు ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని మూఁడు పాకములు పండితులకుఁ గంఠస్థములు. అచ్చటఁ బాకమనఁగా ఫలము పండుట. ఇంటఁ బాకమనఁగా బెల్లమో పంచదారయో నీటఁ గరఁగి కాఁగుట. అందును భేదములు గలవు. వ్రేళ్లనడుమ సాఁగినచోఁ దీఁగపాకము. చల్లని నీటఁ బడి వ్రేళ్లకు మెత్తని యుండగా వచ్చినచో నుండపాకము. పంచదారపాకమునకు ఈ దశ సుమారు 112 మొదలు 116 డిగ్రీల సెంటిగ్రేడు వేఁడివద్ద వచ్చును. నీరెంత తగ్గినదో దానినిబట్టి పాకము ముదురును. వేఁడి దానికి గుఱుతు. ఉష్ణమాపకము లేని యిండ్లలో గిన్నెఁడు నీరే మాపకము. తీఁగవంటి పాకము, ఉండ కట్టెడి పాకము అని యీ సమాసములకు విగ్రహము. రెండింటను బూర్వపదము పరీక్షను జెప్పుచున్నది, అనఁగాఁ బేరులోనే ప్రమాణము గలదు.

అరిసె యీ పరీక్షమీఁదనే యాధారపడియున్నది. బియ్యమును నానఁబెట్టి, నీరు వార్చి, తడి యాఱకముందే కొట్టిన పిండిని బెల్లపుఁ బాకమునఁ బోసి కలుపుదురు. పాకము లేఁతయైనచో అరిసె నూనెలో విడిపోవును. మిక్కిలి ముదిరినచో గట్టిపడును. వేఁగినదానిని జెక్కలనడుమ నొత్తి నూనెను బిండుదురు. నూనెలో వేయకముందున్న ముద్దకుఁ జలిమిడి యని పేరు. పాకము లేక పచ్చిపిండిని బెల్లముతోఁ గలిపినను జలిమిడియే. కలుపునపుడు చలిమిడి నిర్వర్త్యము. అరిసెగా నొత్తునపుడదియే ప్రకృతి, అరిసె దానికి వికృతి. ఇంటి భాష యీ రెండు దశలకును వేఱువేఱు పేరు లుంచినది. “భక్ష్యవిశేషము” రెంటిని గలిపివేసినది.

పూఁతరేకు మఱియొక నిదర్శనము. పూయు ధాతువుపై భావార్థకప్రత్యయము వచ్చి పూఁత. పూఁతచేత నైన రేకు పూఁతరేకు. గోదావరీతీరమునందలి ఆత్రేయపురమున, నీళ్లగాఁ గలిపిన బియ్యపుఁబిండిలో వస్త్రమును ముంచి, క్రింద మంట గల బోర్లించిన కుండ వీఁపుమీఁద లాఁగుదురు. క్షణములోఁ బొర యెండి లేచును, దానిని దీయుదురు. తరువాత నేయి, పంచదార లేక బెల్లపుఁ బొడి చేర్చి మడుతురు. తయారగు విధానమే యిచటఁ బేరైనది. కాఁగిన మట్టిపాత్రపైఁ గాల్చుట మన దేశమునఁ బ్రాచీనము. కల్యాణచాళుక్యుఁడగు మూఁడవ సోమేశ్వరుఁడు (రాజ్యకాలము 1126–1138) రచించిన మానసోల్లాసమున అన్నభోగప్రకరణమందు, కాఁగిన ఖర్పరముపైఁ గాల్చు మండకములు వర్ణింపఁబడినవి. బెళగావి ప్రాంతమున మండిగెలు నేఁటికిని బోర్లించిన పాత్రపైఁ గాలుచున్నవి.

ఆ గ్రంథమునందే పోలికలును గలవు. మహారాష్ట్రమునఁ బోళి, తెలంగాణమునఁ బోలె, కన్నడమున హోళిగె, రాయలసీమను ఓళిగ. కన్నడమునఁ బదాదిపకారము హకారమగుట ప్రసిద్ధము. ఆ హకారమును లోపించినచో ఓళిగ సిద్ధించును. కోస్తాలో దీనికే బొబ్బట్టని పేరు. కొన్ని సీమలలో దీనిని భక్ష్యమనియే యందురు. తినఁదగినది యెల్ల భక్ష్యము కాఁగా, ఒక్క వంటకమునకే యా పేరు నిలుచుట యర్థసంకోచము. అట్టి సీమలోని విద్యార్థి నిఘంటువు తెఱచి అరిసె “భక్ష్యవిశేషము” అని చదివినచో, అరిసె యొక విధమైన బొబ్బట్టని భ్రమపడుట కవకాశము గలదు. వివరణమే విపరీతజ్ఞానమునకుఁ గారణ మగుచున్నది.

ఇఁక సందర్భము. కుటుంబజీవనమునకును బిండివంటలకును గల సంబంధము శబ్దమూలకముగాఁ గూడ నున్నదనుటకు శిశువుల వేడుకలు సాక్ష్యము. బిడ్డ బోరగిలఁబడినచో బొబ్బట్లు, నవ్వినచో నువ్వులుండలు, అడుగు వేసినచో అరిసెలు, పలుకు వచ్చినచోఁ బంచదారచిలుకలు పంచుట పలువురి యిండ్లలో నాచారము. ఈ జంటలను గూర్చినవారు ఛందశ్శాస్త్రము చదివిరో లేదో గాని, యతిప్రాసలు వారి చెవికిఁ దెలియును. అడుగు, అరిసె యనుచోట నాద్యచ్చు కుదిరినది. బోర, బొబ్బట్టు అనుచోట ఓకార ఒకారములకు మైత్రి. నవ్వు, నువ్వు అనుచోటఁ బ్రాస. పలుకు, చిలుక యనుచోటను బ్రాసయే. పాణిని కాలమున దినమునకు భక్ష్యమునుబట్టి గుడాపూపిక యని పేరు వచ్చినది. ఇచ్చట శిశువు చేష్టనుబట్టి భక్ష్యము నిర్ణీతమైనది. కూఁతురు అత్తవారింటికిఁ బోవునపుడు ఒడిలోఁ బెట్టునది చలిమిడియే. ఆ చలి శబ్దమునఁ “గడుపు చల్లనగుట” యను నాశీర్వాదమును దల్లులు వినుచున్నారు. ఈ సంగతి తెలియనివాఁడు చలిమిడి పదము వచ్చిన పద్యమునకు సగమే యర్థము చెప్పఁగలఁడు.

నేఁటి స్థితి యేమి? పిండివంటలు చాలవఱకు అంగడికిఁ బోయినవి. తిరుపతి లడ్డునకు 2009లోను, బందరు లడ్డునకు 2017లోను, ఆత్రేయపురపుఁ బూఁతరేకులకు 2023లోను భౌగోళికసూచిక లభించినది. అది మేలే, ఆ చట్టము పేరును బ్రదేశమును గాపాడును. క్రియాపదములను గాపాడు చట్టము లేదు. అంగడిలో వంటకమునకు మిగులు క్రియలు రెండే: కొనుట, తినుట. పోయుట, ఒత్తుట, చుట్టుట, తీయుట, పట్టుట అను క్రియలు ఇంట జరుగకున్నచో నోట నిలువవు. భాషకు నష్టము ఒక పదము పోవుటచేత మాత్రమే కలుగదు. ఏ క్రియ కేది కర్మమో తెలిసిన వివేకము పోవుట అంతకంటెఁ బెద్ద నష్టము.

కావున నిఘంటుకారులు పిండివంటల కర్థము వ్రాయునపుడు ఐదంశములు చెప్పుట యుచితము: ద్రవ్యము, పాకము, క్రియ, ఆకారము, సందర్భము. అరిసెకు నిట్లు వ్రాయవచ్చును: “తడిబియ్యపుఁబిండిని ముదురు బెల్లపుఁబాకమునఁ గలిపి, బిళ్లగా నొత్తి, నేతనో నూనెనో వేఁచి పిండిన వంటకము, సంక్రాంతికిని శిశువు తొలియడుగులకును వండుదురు.” పూఁతరేకునకు: “జారు బియ్యపుఁబిండిని గాఁగిన కుండపైఁ బూసి తీసిన పలుచని పొర, నేయి, తీపి చేర్చి మడచినది.” ఇవి పెద్ద వాక్యములు కావు, గ్రంథవిస్తరము కాదు.

పాఠశాలలయందలి పండితులకు దీనిలో సులభమైన పని గలదు. వ్యాకరణము చెప్పుదినమున విద్యార్థులను దమ తమ యిండ్లలోని పెద్దముత్తైదువులను, అమ్మమ్మలను నాయనమ్మలను, అడిగి, ఒక్కొక్క వంటకమునకు వాడు క్రియను, ఊరి పేరుతోడ వ్రాసి తెమ్మనవలయును. ఒక యూర “వేయుదురు” అన్నదానిని వేఱొక యూర “పోయుదురు” అన్నచో రెంటిని నుంచవలయును గాని యొకటి తప్పని కొట్టివేయరాదు. ఆ భేదమునఁ బిండి పలుచనయో చిక్కనయో తెలియవచ్చును. కర్మభేదములు విద్యార్థికి వంటయింటనే బోధపడును. నిఘంటువునకుఁ గావలసిన సామగ్రియు సమకూడును. అడుగఁదగినవారు డెబ్బది యెనుబది యేండ్లవారు. గ్రంథములు వేచియుండును, వారు వేచియుండరు.